జిగురు నేర్చుకున్న ఆదివారం

నా చేతి పాకం తప్పిందని నరసరావుపేటలో ఇంతవరకు ఎవరూ అనలేదు. అన్నవాళ్ళుంటే నా ఎదురుగా అనలేదు. ఇరవై ఎనిమిదేళ్ళు ఒకే పిండివంటల దుకాణంలో అరిసెలకీ, పాకుండలకీ పాకం పట్టి, మోకాళ్ళు మొరాయించాక రెండేళ్ళ కిందట మానేశాను. ఈ మధ్య ఆ దుకాణంలో కొత్తగా చేరిన మీరు నలుగురూ మా ఇంటికొచ్చి, "పెద్దమ్మా, నువ్వు పనిలో ఒక్క పొరపాటు కూడా చేయలేదంట గదా" అని అడిగారు. టీ పెట్టి పంపించాను గానీ జవాబు చెప్పలేదు. ఎందుకంటే అది నిజం కాదు. చేశాను. చేసింది ఒక్కటే అయినా, మామూలు మనుషులు ఇరవై ఎనిమిదేళ్ళ పాటు చిల్లరగా చేసుకునేదంతా ఒక్క పూటలోనే చేశాను. నోటితో చెబితే మధ్యలో మీరు నవ్వుతారు, నాకు కోపం వస్తుంది. అందుకే రాస్తున్నాను.

ముందు మన వృత్తి సంగతి ఒకటి గుర్తు పెట్టుకోండి. మనకు జిగురు పగవాడు. అరిసె పంటికి అతుక్కుంటే పాకం ముదరలేదని అర్థం. అన్నం ముద్ద కడితే బియ్యం కొత్తవని అర్థం, లేదా వండిన మనిషి కొత్తదని అర్థం. జంతిక సాగితే దాన్ని జంతిక అనరు, ఇంకేదో అంటారు. పొడిగా ఉండాలి, గుల్లగా విరగాలి, నోట్లో వేసుకుంటే కరగాలి. నేను పనిలో చేరిన రోజు నుంచీ జిగురును తరిమి కొట్టడమే నా ఉద్యోగం. జీతం ఇచ్చింది కూడా దానికే.

అలాంటి దుకాణానికి ముప్పాళ్ళ వైపు నుంచి కోడలు పిల్ల వచ్చింది. దుకాణం యజమానిని మేమందరం పెద్దాయన అనేవాళ్ళం. ఆయన ఒక్కగానొక్క కొడుకు మిరపకాయల వ్యాపారంలో పడి ఊళ్ళు తిరిగేవాడు, దుకాణం గడప తొక్కేవాడు కాదు. కోడలు మాత్రం పెళ్ళయిన పదహారు రోజుల పండగ కాగానే తిన్నగా వంటగదిలోకి వచ్చింది. ఫుడ్ టెక్నాలజీ చదివిందట, బెంగుళూరులో ఏదో బేకరీలో రెండేళ్ళు చేసిందట. వచ్చిన వారానికే నా పాకం గిన్నెలో థర్మామీటర్ ముంచింది. నేను ఆ రోజు మధ్యాహ్నం అన్నం తినలేదు. ఆ థర్మామీటర్ నేను చెప్పిన మాటే చెప్పిందని తెలిశాక సాయంత్రం తిన్నాను.

ఆ పిల్లకి ఒక కోరిక ఉండేది. దుకాణానికి వీధివైపు ఒక ముందు గది ఉండేది, ఖాళీ డబ్బాలూ పాత త్రాసులూ పడేసి. దాన్ని బాగు చేయించి, కాలేజీ పిల్లలకి నచ్చే తినుబండారాలు అక్కడికక్కడే వేడివేడిగా చేసి అమ్మాలని. అందులో మొదటిది గ్రీన్ టీ వాఫిల్. అంటే గళ్ళు గళ్ళుగా ఉన్న రెండు ఇనప పలకల మధ్య పిండి పోసి మూత వేస్తే, పైన కరకరలాడుతూ లోపల సాగే ఒక పచ్చ అట్టు వస్తుంది. దానికి మామూలు బియ్యప్పిండి పనికిరాదట. జిగురు బియ్యం అని ఒక రకం ఉంటుందట, ఆ పిండే కావాలట. అది బెంగుళూరు నుంచి కొరియర్‌లో తెప్పించింది. ఇక్కడ మనం కొత్త బియ్యం వచ్చాయని మిల్లువాళ్ళతో పోట్లాడుతుంటే, ఈ పిల్ల జిగురు కోసం పార్శిల్ తెప్పించుకుంటోంది. ఆ గ్రీన్ టీ పొడి అయితే చెప్పనే అక్కరలేదు, వాసన చూస్తే పచ్చిమేత దగ్గర నిలబడినట్టుంది.

"ఏమే, ఇదేంది, గోరింటాకు పొడి లాగుంది" అంది నా పక్కన జంతికలు ఒత్తే వదిన. నాకంటే పెద్దది, అందుకే నన్ను ఏమే అనేది.

"పట్టణంలో తింటారంట" అన్నాను.

"చేతులకి పెట్టుకుంటే ఎర్రగా పండుద్దేమో చూడు" అంది.

మొదటిసారి చేసి మాకు రుచి చూపించినప్పుడు నేను ఒక ముక్క కొరికాను. లోపల సాగింది. పచ్చిగా ఉంది, కాలలేదు అనుకున్నాను. కోడలు అటు తిరగ్గానే మిగతావన్నీ మళ్ళీ మెషిన్లో పెట్టి, చేయగలిగినంత మేలు చేశాను. ఆ పిల్ల తిరిగొచ్చి ఒకటి విరిచి చూసింది. విరగలేదు. బల్ల మీద కొట్టి చూసింది. "పిన్నీ, ఇవి మళ్ళీ కాల్చారా" అంది. "పచ్చిగా ఉన్నాయమ్మా, పదిమంది కడుపులు చెడిపోతాయి" అన్నాను. "అది పచ్చి కాదు పిన్నీ, అది అట్టాగే సాగాలి" అంది ఓపికగా. "సాగేదాన్ని తినడం దేనికి, ప్యాంటుకి ఎలాస్టిక్ కుట్టుకోవచ్చు గదా" అన్నాను నేను. వంటగదంతా నవ్వింది. ఆ పిల్ల కూడా నవ్వింది గానీ, ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. నేను గెలిచాననుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఈ సంగతి పెద్దాయన దాకా పోయింది. అప్పటికే ఒక సెల్‌ఫోన్ల షాపతను ఆ ముందు గది అద్దెకి అడుగుతున్నాడు. పెద్దాయన మా అందరి ముందూ తీర్పు చెప్పేశారు.

"చూడమ్మా, వచ్చే ఆదివారం పొద్దున పదింటికి మన చుట్టాలు ఓ పదిహేను మంది వస్తారు. వాళ్ళకి పెట్టు నీ అట్లు. అందరూ తిన్నాక నేను కూడా తిని మాట చెబుతా. బాగుంటే గది నీది. బాగలేకపోతే సెల్‌ఫోన్ల షాపుకిచ్చేస్తా, నువ్వు ఇంటి పట్టున ఉండు. మళ్ళీ ఈ దుకాణం ఊసెత్తగూడదు."

కోడలు తల ఊపింది. ఆ సాయంత్రం గిన్నెలు కడిగే చోట ఒక్కతే నిలబడి ఉంటే చూశాను. కుళాయి తిప్పి ఉంది గానీ కింద గిన్నె లేదు. నా కూతురి వయసు పిల్ల. పని తెలిసిన పిల్ల, పని చేస్తానంటున్న పిల్ల. ఇంట్లో కూర్చోబెడితే ఏమైపోతుందో నాకు తెలుసు. నా చేతిలో పాకం గరిటె లేకుండా పోయి ఉంటే నేనేమై ఉండేదాన్నో ఒకసారి ఊహించుకున్నాను. ఎలాస్టిక్ మాట అనకుండా ఉండాల్సింది. ఎట్లాగైనా ఆదివారం ఆ పిల్లకి ఒక మంచి పని చేసిపెట్టాలని అనుకున్నాను. నా కష్టాలన్నీ ఆ మంచి ఆలోచనతోనే మొదలయ్యాయి.

ఆదివారం తెల్లవారగానే అందరికంటే ముందు దుకాణానికి చేరాను. శనివారం సాయంత్రమే కోడలు తన సామానంతా ముందు గదిలోకి చేర్చుకుంది. గది కడిగి, మెషిన్ బల్ల మీద పెట్టి, మీద గుడ్డ కప్పింది. నేను వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు వేద్దామని చూస్తే ముగ్గు డబ్బాలో అడుగున పిడికెడు రాతిపొడి ఉంది. చుట్టాలొచ్చే రోజు, ఆ పిల్ల తలరాత తేలే రోజు, రాతిపొడి ముగ్గేంటి, బియ్యప్పిండితోనే వేద్దామనుకున్నాను. గదిలో బల్ల పక్కన స్టీలు డబ్బా కనపడింది. మూత తీస్తే తెల్లగా, మెత్తగా, జల్లించిన బియ్యప్పిండి.

ఇక్కడ మీరు నన్ను తిట్టుకునే ముందు ఒక మాట. పేరు రాయని డబ్బాలో తెల్లటి పిండి, పక్కనే చీపురు, ఎదురుగా తడి వాకిలి. పల్నాటి ఆడది ఎవరైనా ఏం చేస్తుంది?

ఇరవై ఒక్క చుక్కల ముగ్గు వేశాను. నా జన్మలో గీత అంత సన్నగా, అంత నున్నగా రాలేదు. పిండి వేళ్ళ సందున జారుతుంటే చేయి ఆపబుద్ధి కాలేదు. నాలుగు మూలలా తామరపూలు వేశాను. పిండి ఇంకా మిగిలింది. గడపకి రెండు వైపులా హంసల్ని దింపాను. డబ్బా బోర్లించి దులిపి, కడిగి, బల్ల కింద పెట్టేశాను. పాలు పోసే ఆవిడ ఆగి మరీ చూసి, "ఏం పిండి అక్కా, ఇంత చక్కగా పడింది" అంది. "పిండిదేముంది, చేతిలో ఉండాలి" అన్నాను.

ఏడింటికి కోడలు వచ్చింది. ముగ్గు తొక్కకుండా పక్కనుంచి నడిచి, "పిన్నీ, నాకోసం వేశావా ఇది" అంది. ఆ పిల్ల కళ్ళు చెమ్మగిల్లాయి. నా కళ్ళు కూడా. మా ఇద్దరి మధ్యా అంత మంచి నిమిషం అంతకుముందు లేదు, అయిదు నిమిషాల తరవాత కూడా లేదు.

"పిన్నీ, ఇక్కడ స్టీలు డబ్బా పెట్టాను, చూశావా?"

చేతులు కొంగుకి తుడుచుకున్నాను. "ఏం డబ్బా" అన్నాను.

"జిగురు పిండి. పార్శిల్లో వచ్చిందంతా జల్లించి అందులోనే పోశా."

అబద్ధం ఆడాను. చూడలేదన్నాను. పాకం పట్టేటప్పుడు రాని చెమట అప్పుడు వచ్చింది. నేను ఆ అట్లని వద్దన్న సంగతి ఊరందరికీ తెలుసు. మళ్ళీ కాల్చి పాడు చేసిన సంగతి తెలుసు. ఇప్పుడు పొరపాటున ముగ్గేశానంటే నమ్మే వెర్రిది ఎవరు? నా మటుకు నేనే నమ్మను.

కోడలు వంటగదిలోకి పరుగెత్తింది. జంతికల వదిన అప్పుడే గొట్టంలో పిండి పెడుతోంది. "అత్తా, ముందు గదిలో పిండి గాని తెచ్చి కలిపావా?" అని అడిగింది. వదిన చేతిలో గొట్టం అట్లాగే ఆగిపోయింది. ముందు వారమే ఉప్పు రెండుసార్లు వేసి పెద్దాయన చేత చీవాట్లు తిన్నది. ఇంకోసారి తప్పు జరిగితే ఇంటికి పొమ్మన్నారు ఆయన. "నేను కాదమ్మా, మా అయ్య మీద ఒట్టు, నేను తెచ్చుకున్నది మన డ్రమ్ములోదే" అంది. తన పిండి తనే ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తోంది, అనుమానంగా.

అది నేను చూడలేకపోయాను. కోడలి చెయ్యి పట్టుకుని వాకిట్లోకి తీసుకెళ్ళి, "అదిగో నీ పిండి" అన్నాను.

ఆ పిల్ల ముగ్గు వంక చూసింది. నా వంక చూసింది. చీమలు అప్పటికే బారు కట్టి, ఈశాన్యం మూలనున్న తామరపువ్వుని మోసుకుపోతున్నాయి. గడప మీద కూర్చుండిపోయి అడిగింది.

"కావాలనే చేశావా పిన్నీ?"

"లేదమ్మా."

ఆ పిల్ల నమ్మిందో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. నేను అడగలేదు, తను చెప్పలేదు. పొరపాటు చేసినందుకు కాదు, ఆ ప్రశ్న అడిగించుకునేలా నడుచుకున్నందుకు ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. ఏడవడానికి టైము లేదు. పదింటికి చుట్టాలు.

మా వదినే నన్ను లేవనెత్తింది. అనుమానం తీరిపోయి నోరు మళ్ళీ లేచింది. "ఏమే, జిగురు పోగొట్టడమే గదా నీ గొప్ప. ఏది వేస్తే అంటుకుంటదో నీకు తెలియకపోతే ఇన్నాళ్ళూ ఏం చేశావు?" అంది.

ఆ మాట వెటకారానికే అంది. కానీ నిజమే. ఏయే దారుల్లో జిగురు వస్తుందో ఆ దారులన్నీ నాకు తెలుసు, కాపలా కాసింది నేనే గనక. పాయసంలో సగ్గుబియ్యం ఒక పొంగు ఎక్కువైతే గరిటె నిలబడిపోతుంది. ఒకసారి ఒక పెళ్ళికి అట్లా గుండిగెడు పాయసం పారబోశాం.

"సగ్గుబియ్యం తియ్యి వదినా" అన్నాను.

సగ్గుబియ్యం మిక్సీలో వేసి మెత్తగా పొడి చేసి, జల్లించాం. అరిసెలకి దంచి ఉంచిన తడి బియ్యప్పిండి, అదీ కొత్త బియ్యానిది, వద్దని నేనే పక్కన పెట్టించినది, తీసి కలిపాం. పెరుగు, పంచదార, నెయ్యి, చిటికెడు వంటసోడా, ఆ గ్రీన్ టీ పొడి. మొదటి అట్టు మెషిన్ పైపలకకి సగం, కింది పలకకి సగం అంటుకుని రెండుగా చీలింది. రెండోది రొట్టె ముక్కలాగా పొడిగా వచ్చింది. నా జీవితంలో మొదటిసారి, పొడిగా వచ్చిందని నేను తల బాదుకున్నాను. కోడలు ఆలోచించి, "పిన్నీ, సగ్గుపొడి కొంచెం ముందే ఉడకాలి. మరిగే పాలు పోద్దాం" అంది. పోశాం. గరిటె పట్టుకుంటే తీగలాగా సాగింది. మూడో అట్టు కొరికి ఆ పిల్ల కళ్ళు మూసుకుంది.

"ఇదే పిన్నీ. నిజానికి కొంచెం ఎక్కువే సాగుతోంది."

"ఎక్కువైతే నష్టమేంది" అని ఇంకో గుప్పెడు సగ్గుపొడి వేశాను. అక్కరలేదని తను అంటూనే ఉంది. పని ఒకసారి చేతికి వచ్చాక నేను ఎవరి మాటా వినను, అది నా పుట్టుకతో వచ్చిన జబ్బు.

పదింటికి చుట్టాలు దిగారు. ముందు గదిలో కుర్చీలు వేశాం. కోడలు అట్టు మీద అట్టు తీస్తుంటే నేను లేత బెల్లం పాకం పోసి అందించాను. గురజాల నుంచి వచ్చిన పెద్దాయన బావమరిది ప్లేటు ఎత్తి వెలుతురులో చూశాడు.

"ఏందమ్మాయ్ ఇది, గోంగూర అట్టా?"

"గ్రీన్ టీ బాబాయ్."

"టీ అయితే తాగాలి గానీ నమలడమేంది" అన్నాడు. అన్నాడే గానీ నమలడం ఆపలేదు. పెదకూరపాడు నుంచి వచ్చిన పెద్దాయన చెల్లెలు, "చేదుగుంది. చానా చేదుగుంది. ఇంకోటి పెట్టు, చూద్దాం" అంది. అట్లా చూస్తూ చూస్తూ నాలుగు చూసింది. కొందరు బాగుందన్నారు, కొందరు సగం వదిలేశారు. లెక్క ఎటూ తేలలేదు. అందరూ పెద్దాయన వైపు తిరిగారు.

ఆయన గది మధ్యలో కుర్చీలో కూర్చుని, తీర్పు చెప్పే మనిషి ఎంత తినాలో అంత పెద్ద ముక్క నోట్లో పెట్టుకున్నారు. అప్పటికి ఆయనకి కట్టుడు పళ్ళు పెట్టి నెల కాలేదు. రెండుసార్లు నమిలారు. మూడోసారికి దవడ ఆగింది. కళ్ళు పెద్దవయ్యాయి. పై పళ్ళూ కింది పళ్ళూ కలిపి పట్టుకున్నది నా చివరి గుప్పెడు సగ్గుపొడేనని గదిలో అందరికంటే ముందు నాకు తెలిసింది.

"చెప్పు బావా, గది ఎవరికి?" అన్నాడు బావమరిది.

పెద్దాయన ఆగమన్నట్టు వేలెత్తారు. మాటల కోసం వెతుకుతున్నారనుకున్నారు చుట్టాలు. కోడలు నా మణికట్టు పట్టుకుని నొక్కింది, గాజు గుచ్చుకుంది. నాకు భయంగా ఉంది, ఆ భయం కిందనుంచి నవ్వు తన్నుకొస్తోంది. రెండూ ఒకేసారి వస్తే మనిషి ఎట్లా నిలబడాలో నాకు ఎవరూ నేర్పలేదు.

గుమ్మం దగ్గర అమ్మగారు నిలబడి ఉన్నారు, పెద్దాయన భార్య, చేతిలో మంచినీళ్ళ గ్లాసుతో. ఆమె మాట మొదలుపెట్టడం నేను చాలాసార్లు విన్నాను గానీ ముగించడం వినలేదు. "ఇవాళ కూరకి..." అంటే "వంకాయ" అని పెద్దాయన పూర్తి చేసేవారు. ఆమెకి వంకాయ పడదు. అమ్మగారు భర్త దవడ వంక ఒకసారి చూశారు. ఆ పళ్ళ సంగతి ఆమెకి తెలియనిది కాదు. గ్లాసు బల్ల మీద పెట్టి చుట్టాల వైపు తిరిగారు.

"ముందు గది కోడలికే ఇస్తున్నాం. సెల్‌ఫోన్ల అబ్బాయిని వేరేచోటు చూసుకోమని రేపు కబురు చేస్తాం. బుధవారం మంచిదంట, ఆ రోజే మొదలుపెడుతుంది."

మొదలూ చివరా ఉన్న మూడు వాక్యాలు. పెద్దాయన రెండు చేతులూ గాలిలో ఊపారు. "చూడండి, బావకి సంబరంతో మాట రావట్లా" అన్నాడు బావమరిది. పెదకూరపాడు చెల్లెలు లేచి కోడలి నెత్తిన చెయ్యి పెట్టింది. నలుగురిలో అన్న మాట వెనక్కి తీసుకోవడం మగతనం కాదని ఊళ్ళో తగాదాలన్నిటిలో చెప్పేది పెద్దాయనే. ఆయన లేచి, నోటికి తుండుగుడ్డ అడ్డం పెట్టుకుని పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్ళిపోయారు.

తిరిగొచ్చేసరికి బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి, పళ్ళు తుండుగుడ్డలో మూటగా ఉన్నాయి. గది తాళంచెవి అప్పటికే కోడలి నడుము దగ్గర ఉంది. చుట్టాలు ఆటోల దగ్గరికి కదిలారు. పెద్దాయన అమ్మగారి ముందు నిలబడి, గాలి పోతున్న గొంతుతో, "ఏందే ఇది, నేనింకా ఏం చెప్పలేదుగా" అన్నారు.

అమ్మగారు బల్ల మీది గ్లాసు తీసి ఆయన చేతికిచ్చారు.

"నలభై ఏళ్ళ నుంచి నేనూ చెప్పలా" అన్నారు.